సగానికి మరిగించిన చాయ్

నేను జీవితంలో ఒక్కసారి కూడా గుట్కా నమలలేదు. ఈ మాట నేను చెబితే ఎవరూ నమ్మరు. చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే పళ్ళు కనబడతాయి. మీది వరుస గోధుమరంగు చారలు, కింది వరుస పసుపు, అందులో రెండు నల్లవి. ఒకసారి హైదరాబాదు బస్సులో పక్కన కూర్చున్న మనిషి నా నవ్వు చూసి, "ఏం గుట్కా అన్నా, రంగు గింత పక్కాగ పట్టింది" అని అడిగాడు. "బోరింగు గుట్కా. మా వాడకట్టులనే దొరుకుతది, పైసలు గూడ అడగరు" అన్నాను. మీ ఊరికి ఎక్కడ దిగాలన్నా అని అడిగాడు పాపం.

చిట్యాల దగ్గర పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే మా ఊరు. మా నేలలో నీళ్ళు అలాంటివి. కొందరికి పళ్ళ దగ్గర ఆగుతాయి, కొందరికి ఎముకల్లోకి దిగుతాయి. నాకు పళ్ళ దగ్గరే ఆగాయి. నా భార్యకు ఆగలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమెకు నేను చాయ్ పోసిన సిల్వర్ కెటిల్ మాత్రం ఇంట్లోనే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా చెప్పుకోవాలనిపించేది ఒకటుంది, నవ్వులాటగా చెప్పలేక ఇన్నాళ్ళు ఆగాను.

ఐదో తరగతిలో బడి మానేశాను. నన్ను ఆపడానికి బడి కూడా పెద్దగా కష్టపడలేదు. చదువు ఆగింది కానీ నోరు ఆగలేదు. బర్రె ఎందుకు కట్టలేదో, మోటరు ఎందుకు కాలిందో, సర్పంచి ఎందుకు ఓడిపోయాడో, ఊళ్ళో ఎవరేం అడిగినా నా దగ్గర ఒక జవాబు ఉండేది. నవ్వొచ్చేటట్టు చెబుతాను కాబట్టి జనం విని, నవ్వి, పోయేవారు. నేను చెప్పింది నిజమా కాదా అని వెనక్కి వచ్చి అడిగినవాళ్ళు లేరు. ఆ అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో అప్పుడు నాకేం తెలుసు.

ఆ కెటిల్ కొన్నది పొలానికి. పత్తి ఏరే రోజుల్లో కూలివాళ్ళకు చాయ్ మోసుకుపోవడానికి ఆమే బేరమాడి కొన్నది. దుకాణమాయన మూత సరిగ్గా కూర్చోని కెటిల్ ఒకటి అంటగట్టబోతే, "ఈ మూత ఈ మూతికి సరిపోతలేదు. మీ ఇంట్ల పెండ్లి సంబంధాలు గూడ గిట్లనే కలుపుతరా" అని అడిగింది. ఆయన నవ్వి మంచిది తీసిచ్చాడు. మా ఇద్దరిలో నోరున్నది నాకే అనుకుంటారు ఊరంతా. ఇంటి లోపలి సంగతి వాళ్ళకు తెలియదు.

మాకు పిల్లలు లేరు. మేమిద్దరం, రెండు బర్రెలు, రెండెకరాల చెలక. గోడ అవతల మా తమ్ముడి ఇల్లు.

మొదట ఆమెకు మోకాళ్ళు పట్టాయి. తర్వాత నడుము. పత్తి చేనులో వంగిన మనిషి సాయంత్రానికి కూడా లేవలేకపోయేది. మా ఊళ్ళో అది కొత్త సంగతి కాదు, నలభై దాటితే సగం మంది గోడ పట్టుకునే నడుస్తారు. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతే నొప్పుల గోలీలు ఇచ్చి, నీళ్ళు మార్చుకోమన్నారు. నీళ్ళు మార్చుకోమంటే అప్పుడు మాకు మార్చుకోవడానికి వేరే నీళ్ళు ఎక్కడివి. మెల్లగా నడుము వంగిపోయింది. ఆమె నేలను చూస్తూ వాకిట్లో నడుస్తుంటే నేను ఊరుకుంటానా.

"ఏం పోగొట్టుకున్నవే, గట్ల ఎతుకుతున్నవ్?"

"నీ తెలివి ఏడనో పడిపోయిందంటున్రు. దొరుకుతదేమో అని సూస్తున్న."

ఇద్దరం నవ్వేవాళ్ళం. అప్పటికి నవ్వొచ్చేది.

ఆ తర్వాత మెడ బిగుసుకుపోయింది. తల వెనక్కి వాలేది కాదు. గ్లాసుతో తాగాలంటే చివరి సగానికి తల పైకెత్తాలి కదా, ఆమెకు ఆ సగం ఎప్పుడూ గ్లాసులోనే ఉండిపోయేది. సాసర్లో పోస్తే చేతులు వణికి చీర మీద పడేది. ఒకరోజు పొయ్యి పక్కన ఉన్న కెటిల్ వైపు చూసి, "దాని ముక్కు గిటు పెట్టయ్యా" అన్నది. గోడకు బొంత మడిచి వేసి, ఆమెను ఆనించి కూర్చోబెట్టి, కెటిల్ ముక్కు పెదవుల మధ్య పెట్టి సన్నగా వంచాను. ఒక్క చుక్క కింద పడలేదు. పూర్తి చాయ్ తాగడం ఆమెకు చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి.

అప్పటినుంచి ఆ కెటిల్ పొలానికి పోలేదు. రోజుకు రెండుసార్లు చాయ్, మధ్యలో తాగే నీళ్ళు, అన్నీ దాంతోనే. కాగిన చాయ్‌ని చెంబులో పోసి, మళ్ళీ కెటిల్లో పోసి చల్లార్చేవాణ్ణి. నా మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసేవాణ్ణి. నోరు నిండితే ఆమె వద్దని చెప్పలేకపోయేది, తల ఊపలేకపోయేది, అందుకని రెండు వేళ్ళతో నా మోకాలు మీద తట్టేది. తలుపు మాత్రం వేయాలి. "ఎవరన్న సూస్తే సంటిపిల్లకు పాలు వట్టినట్టున్నది అంటరు" అనేది. మా మరదలు, అంటే మా తమ్ముడి భార్య ఒక్కతే ఆ సంగతి తెలిసిన మనిషి. ఆమె వచ్చినా తలుపు బయటే నిలబడి దగ్గేది.

ఇక నా తెలివి సంగతి.

ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఆఫీసరూ నీళ్ళు కాచి తాగండి అని చెప్పి పోయేవాడు. విరేచనాలకు చెప్పాడా, జ్వరాలకు చెప్పాడా, నేను అడగలేదు. కాస్తే నీళ్ళు మంచివవుతాయి, అంతే నేను పట్టుకున్నది. పైగా నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. మా బోరింగు నీళ్ళు ఎందులో కాచినా అడుగున తెల్లటి గార కడుతుంది. వారం తిరిగేసరికి కెటిల్ లోపల సున్నం వేసిన గోడలాగా ఉండేది. ఆ గార చూసి నాకు ఎంత సంతోషమో. నీళ్ళలో ఉన్న చెడంతా కెటిల్‌కు అంటుకుంది, ఆమెకు పోయేవి మంచి నీళ్ళు, ఇదీ నా లెక్క. ఎంత ఎక్కువ మరిగిస్తే అంత ఎక్కువ చెడు బయటికి వస్తుంది కదా అని, నీళ్ళను సగమయ్యేదాకా మరిగించేవాణ్ణి. ఆ సగం నీళ్ళలోనే చాయపత్తి వేసి, బెల్లం వేసి మళ్ళీ మరిగించేవాణ్ణి. చాయ్ చిక్కగా, నల్లగా, నాలుకకు పట్టేటట్టు ఉండేది. పాలు అందులో ఓడిపోయేవి.

ఆదివారం ఆదివారం కెటిల్ కడగడం నాకు పండుగ. చింతపండు నానబెట్టి, ఆ పులుసు కెటిల్లో పోసి పొయ్యి మీద పెడితే బుసబుస పొంగి గార మెత్తబడేది. బూడిద, కొబ్బరిపీచు పెట్టి లోపల రుద్దేవాణ్ణి. ముక్కులో పేరుకున్నది మాత్రం తొందరగా రాదు. చీపురుపుల్ల గుచ్చి, తిప్పి, అవతలి నుంచి ఊది, మళ్ళీ గుచ్చాలి. పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడేది. వాటిని కాగితంలో వేసుకుని ఆమెకు చూపించడానికి లోపలికి పోయేవాణ్ణి.

"సూడే. గిదంత నీ కడుపులకు పోయేది. ఆపిన."

"ఆపినవ్ తియ్. కృష్ణకు ఆనకట్ట కట్టినట్టు."

ఎగతాళి చేసేది కానీ నమ్మేది. నేను పోసింది పోసినట్టు తాగేది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు మా ఊరికి నల్లాలు వచ్చాయి, వాటిలో కృష్ణ నీళ్ళు. బోరింగుకు ఎర్ర రంగు పూసి ఇవి తాగవద్దన్నారు. రంగు చూసి, ముసలి బోరింగును పెండ్లికూతురిని చేశారని నేను ఊరంతా నవ్వించాను. నల్లా నీళ్ళు తీసుకొచ్చి కెటిల్లో కాచాను. వారం గడిచింది. లోపల వేలు పెట్టి రుద్ది చూస్తే పల్చటి పొర తప్ప ఏమీ లేదు. ఇక్కడ పనిచేసింది నా బుర్ర. గార కెటిల్‌కు అంటలేదంటే మరి చెడు ఎక్కడికి పోయినట్టు? నీళ్ళలోనే ఉన్నట్టు. ఆమె కడుపులోకే పోతున్నట్టు.

"అందరు నల్లా నీళ్ళే తాగుతున్రు గదనయ్యా" అన్నది ఆమె.

"అందరు తాగితే తాగనీ. గా నీళ్ళు తమ విషం ఇడుస్తలేవు. మనయి నిజాయితిగల్ల నీళ్ళు, కాస్తే మొత్తం కక్కుతయ్."

నిజాయితీగల నీళ్ళు అన్న మాట నాకే ఎంత నచ్చిందంటే, రచ్చబండ దగ్గర కూడా రెండుసార్లు చెప్పుకున్నాను. ఆ రోజునుంచి నల్లా నీళ్ళు బర్రెలకు పెట్టాను, బట్టలకు పోశాను, నేను కూడా తాగాను. ఆమె కోసం మాత్రం బిందె భుజం మీద పెట్టుకుని, ఎర్ర రంగు బోరింగు దగ్గరికి రోజూ పోయేవాణ్ణి. కొట్టీ కొట్టీ నా చేతులు నొప్పి పుట్టేవి. ప్రేమంటే ఇంతకంటే ఏముంటుందని కూడా అనుకుని ఉంటాను.

అలా రెండేళ్ళు.

ఒక పొద్దున నీళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఒకతె ఊళ్ళోకి వచ్చింది. చిన్న చిన్న సీసాలు, వాటిలో వేసే మందు, ఒక పెట్టె. ఇంటింటి నీళ్ళు చూస్తూ మా వాకిట్లోకి వచ్చేసరికి వెనక పదిమంది పోగయ్యారు. పదిమంది ఉంటే నేను ఊరుకోను కదా. ముందు రోజే ఆదివారం, కెటిల్ నుంచి తీసిన గార కాగితంలో ఉంది. అది తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాను.

"బిడ్డా, నీ సీసాలు లోపట పెట్టు. నా పరీక్ష గిది. నీళ్ళల్ల విషం నేను ఇంట్లనే తీస్తున్న."

ఆ అమ్మాయి నవ్వలేదు. గారను వేళ్ళతో నలిపి చూసింది.

"ఎంతసేపు మరగబెడతవ్ బాపూ?"

"సగం అయ్యేదాక. నేను కంజూసోన్ని గాను."

"ఎవరికి?"

"మా ఇంటామెకు. చాయ్ గూడ దాంతోనే."

"నల్లా నీళ్ళేనా?"

"కాదు, బోరింగువి."

ఆ అమ్మాయి పెట్టె మూసి కింద పెట్టింది. తర్వాత మెల్లగా, నాకొక్కడికే చెప్పినట్టు అడిగింది.

"బాపూ, పప్పుచారు ఎక్కువ మరిగిందనుకో. ఏమైతది?"

"ఉప్పెక్కుతది."

"ఎందుకెక్కుతది?"

"నీళ్ళు పోతయ్, ఉప్పు పోతదా..."

అక్కడే నా నోరు ఆగిపోయింది. అన్నేళ్ళు వంట చేసినవాణ్ణి. ఉప్పెక్కిన చారులో నీళ్ళు పోసి సర్దినవాణ్ణి. ఇది తెలుసుకోవడానికి బడి అక్కరలేదు, సీసాలు అక్కరలేదు.

"గా గార సున్నం బాపూ. ఎముకలకు చెడు చేసే ఫ్లోరైడు కెటిల్‌కు అంటదు. నీళ్ళు సగమైతే అది గా సగంలనే ఉంటది, ఇంక చిక్కగ. చాయపత్తిల గూడ అది జర ఉంటది. ఎక్కువ మరిగిస్తే అదిగూడ దిగుతది" అన్నది. అని, "నీకు తెల్వదు గద" అని కూడా అన్నది.

అందరూ నన్నే చూస్తున్నారు. అంతమంది చూస్తుంటే నాకు చేతనైంది ఒక్కటే. నోట్లో నుంచి అదే వచ్చింది.

"గట్లైతే నల్లగొండ డాక్టర్లు ఏం పనికొస్తరు. మా ఇంటామెకు డబుల్ డోసు ఇచ్చిన మొగోన్ని నేనున్న."

ఎవరూ నవ్వలేదు. మా మరదలు తల తిప్పి లోపలి గది తలుపు వైపు చూసింది. తలుపు సగం తెరిచి ఉంది.

ఆ రోజు నల్లా నీళ్ళు పట్టుకొచ్చాను. చాయపత్తి కొంచెమే వేశాను, ఒక్క పొంగు రాగానే దించాను. పల్చటి చాయ్. చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి, లోపలికి పోయి తలుపు వేశాను. ఆమె గోడకు ఆనుకుని నేలను చూస్తోంది. కెటిల్ ముక్కు పెదవుల దగ్గర పెట్టాను. పెదవులు తెరవలేదు.

"తాగే. గిది నల్లా నీళ్ళది."

తెరవలేదు. కొంచెం వంచాను, చాయ్ గదవ మీదుగా కారి మెడలోకి పోయింది. తుడవబోతే నా చెయ్యి పక్కకు నెట్టింది.

సాయంత్రం కూడా అంతే. మర్నాడు మా మరదలు వచ్చి చెంచాతో ఒక్కొక్క గుక్క పోస్తే తాగింది. చెంచాతో సగం చీర మీదే పోయేది, అయినా అదే తాగింది. నేను గడపలో నిలబడితే తాగడం ఆపేది. మూడు రోజులు. నాతో ఒక్క మాట లేదు. నా భార్య నా చేత్తో మళ్ళీ ఒక గుక్క తాగుతుందా లేదా, ఆ మూడు రోజులూ నాకు లోకంలో ఇంకో ప్రశ్న లేదు. పొలం పోలేదు, రచ్చబండ దగ్గరికి పోలేదు. వాకిట్లో కూర్చుని కెటిల్ కడిగాను. కడిగిందే కడిగాను. ముక్కు లోపల ఇంకా ఏదో ఉందనిపించి పుల్ల గుచ్చేవాణ్ణి. ఏమీ వచ్చేది కాదు. అయినా గుచ్చేవాణ్ణి. ఇంత తెల్లగా మెరిసే కెటిల్ మా వాడకట్టులో ఇంకొకటి లేదు.

"బావా, జర ఆపు. తొర్ర వడుతది దానికి" అన్నది మా మరదలు.

"అది ఏమన్న అన్నదా?" అని అడిగాను.

"ఏమంటది. గంతమంది ముందల నవ్వులాట చేస్తివి."

నాలుగో రోజు మరదలి తల్లికి పాణం బాగోలేదని కబురొస్తే ఆమె పొద్దున్నే బస్సెక్కి పోయింది. నేను చాయ్ పెట్టి, కెటిల్ పట్టుకుని గది బయట నిలబడ్డాను. లోపలికి పోవాలంటే భయం. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన గదిలోకి పోవడానికి భయపడ్డాను. చివరికి పోయి, ఆమె ముందు కింద కూర్చున్నాను. వంగిన మనిషి కళ్ళల్లోకి చూడాలంటే ఆమెకంటే కిందికి కూర్చోవాలి. అన్నేళ్ళలో ఆ పని ఎన్నిసార్లు చేశానో గుర్తు చేసుకుంటే గుర్తు రాలేదు.

ఏదో ఒక నవ్వులాట మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"నేనే చేసిన" అన్నాను. "తెల్వక చేసిన. కానీ నేనే చేసిన."

బయట బర్రె అరుస్తోంది, పాలు పిండలేదు.

"బర్రెలకు మంచి నీళ్ళు వెట్టినవ్" అన్నది.

"ఆఁ."

"నాకు మోసుకొచ్చినవ్, గవి."

"ఆఁ."

"మోసుకొచ్చేటప్పుడు భుజం నొస్తాందంటే, నేనే నూనె రాసిన."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె కూడా ఏడ్చింది. తల ఎత్తలేని మనిషి ఏడిస్తే కన్నీళ్ళు చెంపల మీదికి రావు, తిన్నగా ఒళ్ళో పడతాయి. అది ఆ రోజే చూశాను.

తర్వాత ఎప్పటికో, "తే" అన్నది. చాయ్ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసుకొస్తానంటే వద్దన్నది. ముక్కు పెదవుల మధ్య పెట్టుకుంది. తన చెయ్యి కెటిల్ అడుగున పెట్టి పట్టుకుంది. పూర్తిగా తాగింది.

ఆ తర్వాత ఆమె ఒక ఏడాది కూడా లేదు. నీళ్ళు మారితే నొప్పి కొంచెం తగ్గిందని అనేది, నా కోసం అనేదేమో తెలియదు. వంగిన ఎముక మాత్రం లేవలేదు. చివరి రోజుల్లో మంచం మీద పక్కకు తిరిగి ఉండగానే పోసేవాణ్ణి. రోజుకు రెండుసార్లు నల్లా నీళ్ళ చాయ్, నా చేత్తోనే.

అయితే నాకు ఒక రోగం పట్టుకుంది. కెటిల్ చేతిలోకి తీసుకుంటే చాలు, నోరు దానంతట అదే అనేది. నేనే చేసిన, నీ నడుము నేనే వంచిన, నీ మెడ నేనే బిగించిన. పొద్దున అనేవాణ్ణి, సాయంత్రం అనేవాణ్ణి. మొదట్లో వినేది. తర్వాత కళ్ళు మూసుకునేది. నేను ఆపలేదు. ఊరిని నవ్వించిన నోరు కదా, ఏడుపు మొదలుపెడితే దానికీ ఆపడం చేతకాలేదు.

ఒక సాయంత్రం చాయ్ సగంలో ఉండగా మళ్ళీ అందుకున్నాను. ఆమె కెటిల్‌ను మెల్లగా పక్కకు జరిపింది. మింగి, ఊపిరి తీసుకుని, నా మొహం వైపు ఎంత తిరగగలదో అంత తిరిగింది.

"మా అమ్మకు గిట్లనే నడుము వంగింది. మా అమ్మమ్మ మంచంల ఉండ చుట్టుకొని సచ్చిపోయింది. వాళ్ళకు గూడ నువ్వే పోసినవా చాయ్?"